లాయంలో ఉన్నదెల్లా గుర్రమే

గట్టుకిందపల్లెలో మంచు కురవగా చూసినవాళ్ళు లేరు. అక్కడ వానే మొక్కుబడిగా కురుస్తుంది. అయినా ఆ ఊరి ప్రాథమిక పాఠశాల కప్పు మాత్రం, నిలువెత్తు మంచు పడినా నిలవకుండా జర్రున జారిపోయేటంత ఏటవాలుగా ఉంటుంది. ఎందుకంటే దాన్ని కట్టించింది ఒక ఇంగ్లీషు దొర, కట్టించింది తన గుర్రాలకు. వాళ్ళ దేశంలో లాయాలకు అటువంటి కప్పే ఉంటుంది కాబట్టి ఇక్కడా ఉండి తీరాలన్నాడు. దొరకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోవడంతో, రాళ్ళు పగిలే ఎండలో, ఎన్నటికీ పడని మంచుకోసం ఆ కప్పు లేచింది.

దొర బంగళాను ఇటుకలతో కట్టారు. ఆయన ఓడెక్కి వెళ్ళిపోయాక ఊరివాళ్ళు తలా నాలుగు ఇటుకలూ మోసుకుపోయారు. లాయం రాతిది. ఒక్కో రాయి నలుగురు పట్టినా కదలదు. అందుకని బంగళా పోయి లాయం మిగిలింది. రాళ్ళు కొట్టుకుని బతికే పేటలో పిల్లలకు బడి కావలసి వచ్చినప్పుడు సర్కారువారు చుట్టూ చూసి, ఖాళీగానూ ఖర్చు లేకుండానూ ఉన్నది అదొక్కటే అని గమనించి, గుర్రాలు పోయిన చోట పిల్లల్ని కూర్చోబెట్టారు.

రెడ్డెమ్మ టీచరు ఆ బడికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ ఆమే. దొర రాతిపలకలు అడ్డం నిలబెట్టించి ఒక్కో గుర్రానికి ఒక్కో అర చేయించాడు. ఆమె ఒక్కో అరను ఒక్కో తరగతి చేసి, మిగిలినదాన్ని మధ్యాహ్న భోజనం వండే ఓబుళమ్మకు ఇచ్చేసింది. తలుపు రెండు ముక్కలు. పై ముక్క తెరిస్తే గుర్రం తల బయటపెట్టి గాలి పీల్చుకుంటుంది, కింది ముక్క మూస్తే పారిపోదు. ఒకటో తరగతి పిల్లల విషయంలో ఈ ఏర్పాటు గుర్రాలకంటే బాగా పనికొచ్చింది. గోడలకు దించిన ఇనప కడియాలకు పుస్తకాల సంచులు తగిలించేవారు. గుర్రమెక్కడానికి దొర వేసుకున్న మెట్ల రాయి మీద నిలబడి ప్రార్థన చెప్పించేది. నేల మొత్తం వెనక్కి వాలుగా ఉండి చివర ఒక సన్నటి కాలువలోకి దిగుతుంది. ఆ కాలువ దేనికోసమో ఆమె పిల్లలకు ఎన్నడూ చెప్పలేదు.

బడికి లేనివి నీళ్ళు, మరుగుదొడ్డి, ఇంకో టీచరు. ఈ మూడింటికోసం రెడ్డెమ్మ కాళ్ళరిగేలా తిరిగింది. పిల్లలు ఇంటినుంచి సీసాల్లో నీళ్ళు తెచ్చుకునేవారు. పేటలో బోరు ఎండినప్పుడు ఖాళీ సీసాలతోనే వచ్చేవారు, మధ్యాహ్నానికి తలలు వాల్చేసేవారు. అది చూసి ఆమె కడుపు రగిలిపోయేది. ఆఫీసులో మాత్రం ఎవరూ ఏమీ రగలకుండా, "మీ కోరిక పరిశీలనలో ఉన్నదమ్మా" అనేవారు.

ఆ ఏడాది ఇంకో పిడుగు పడింది. బడిలో ఉన్నది పదకొండు మందే కాబట్టి దాన్ని మూసేసి, పిల్లల్ని హైవే అవతలి బడిలో కలిపేస్తారని తెలిసింది. ఆ హైవే మీద క్వారీ బండరాళ్ళు మోసే లారీలు ఆగకుండా పోతుంటాయి. ఏ తల్లీ ఆ రోడ్డు దాటించి పిల్లను పంపదు. పంపకపోతే ఆ పిల్ల చేతికి సుత్తి వస్తుంది. రెడ్డెమ్మకు నిద్ర పట్టడం మానేసింది.

సరిగ్గా అప్పుడే రాతికట్టడాల పరిరక్షణ మండలివారి చల్లని చూపు లాయం మీద పడింది.

మండలి అధ్యక్షులు చిదంబరేశ్వరరావుగారు కారు దిగి, ఎవరినీ పలకరించకుండా తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి, దానికి చెంప ఆనించి కళ్ళు మూసుకున్నారు.

"ఇది రాయి కాదమ్మా," అన్నారు గద్గదంగా. "ఇది కాలం."

"కొంచెం ఎడంగా నిలబడండి సారూ," అంది రెడ్డెమ్మ. "ఆడనే నిన్న ఒకటో తరగతోడు ముక్కు తుడిచినాడు."

ఆయన వినిపించుకోలేదు. గోడ పైభాగాన సన్నగా నిలువుగా ఉన్న కిటికీని చూసి రెండు చేతులూ జోడించారు. "చూశారా ఈ గవాక్షం! వాయువు అశ్వ శిరస్సును తాకక, పైనుండి ప్రవహించి, ఎదుటి గవాక్షంలోంచి నిష్క్రమిస్తుంది. ఈ కమాను! ఒక్క నడిమి రాయి తీస్తే మొత్తం కూలుతుంది, తీయకపోతే ప్రళయానికీ కూలదు. ఇక ఈ కప్పు! ఎంతటి హిమపాతాన్నైనా..."

"మంచు యాడ పడుతుంది సారూ ఈడ?"

"పడకపోవడం మంచు లోపం. కప్పుది కాదు," అన్నారాయన కొంచెం కటువుగా. ఆయనకు రాయి మీద ఉన్న ప్రేమ నిజమైనదే. చిక్కల్లా ఆ ప్రేమంతా అక్కడే ఖర్చయిపోయి మనుషుల దాకా వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు.

ఆయన వెంట వచ్చిన సర్వే అధికారి భూషణంగారు సంచీలోంచి నియమావళి తీసి, గొంతు సవరించుకుని ఏడవ నిబంధన చదివారు. "సదరు కట్టడము ఏ ప్రయోజనార్థము నిర్మింపబడినదో తత్ప్రయోజనార్థమే వినియోగింపబడవలెను. తదితరులు తక్షణము ఖాళీ చేయవలెను."

రెడ్డెమ్మ నోరెళ్ళబెట్టింది. ఇన్నాళ్ళూ బడిని మూయడానికి విద్యాశాఖ ఒక్కటే ఉందనుకుంది. ఇప్పుడు రాళ్ళ శాఖ కూడా తయారయింది. "పిలకాయలు యాడికి పోవల్ల సారూ?" అని అడిగింది. చిదంబరేశ్వరరావుగారు జాలిగా చూశారు. జాలిగా చూడడానికి ఏ నిబంధనా అడ్డు లేదు.

ఈలోగా భూషణంగారు తన పని తాను చేసుకుపోతున్నారు. సర్వీసంతా నిబంధనల మధ్యే గడిపిన మనిషి, వాటిని దాటకుండా వాటి సందుల్లోంచి నడవడం ఆయనకు తెలుసు. "లాయంలో ప్రస్తుతం ప్రాణులు ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు.

"పదకొండు మంది పిల్లోళ్ళు ఉండారు."

"ప్రాణులే కదా?"

"కాకుంటే ఏమయితారు సారూ?"

భూషణంగారు కలం ఆపి అధ్యక్షుల వైపు తిరిగారు. "సార్, ఇది లాయం. ఇందులో పదకొండు ప్రాణులున్నాయి. లాయంలో ఉండేవి గుర్రాలు. ఆ ప్రకారం చూస్తే ఇది నేటికీ గుర్రాలతో నడుస్తున్న లాయం. రాష్ట్రంలో ఇంకెక్కడా లేదు. మనకు సజీవ కట్టడం హోదా వస్తుంది."

సజీవ కట్టడం అన్న మాట వినగానే అధ్యక్షులవారి ముఖం వెలిగింది, అంతలోనే ఆరిపోయింది. "మరి... ఆకారం?"

"కట్టడం ఆకారం ఎలా ఉండాలో నియమావళి చెబుతుంది సార్. లోపల ఉన్నవాటి ఆకారం గురించి ఎక్కడా చెప్పదు. నేను ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి చదివాను."

రెడ్డెమ్మకు ముందు కోపం వచ్చింది. తన పిల్లల్ని గుర్రాలనడానికి వీళ్ళెవరని నోటిదాకా వచ్చింది. అంతలో హైవే మీద లారీ హారను మోగింది. ఆమె ఆ మాట మింగేసింది.

"గుర్రాలని రాసుకుంటే బడి ఈడనే ఉంటుందా?"

"బడి ఉండదమ్మా. లాయం ఉంటుంది," అన్నారు భూషణంగారు. "లోపల గుర్రాలు ఏం చదువుకుంటాయో మండలికి అనవసరం."

ఆమె లోపలికి వెళ్ళి, "ఏమబ్బా, గుర్రాలైతారా?" అని అడిగింది. అంతే, అరుపులతో లాయం కప్పు ఎగిరిపోయింది. ఒకటో తరగతివాడు మొదలుపెట్టిన సకిలింపు ఆ వారమంతా ఆగలేదు. సాయంత్రం పేటలో అమ్మానాన్నలకు చెప్పడానికి ఆమె జంకుతూ వెళితే, రాళ్ళు కొట్టే నాగన్న చెమట తుడుచుకుంటూ, "మావోణ్ణి రోజూ గాడిదా అని తిడతాండాము. గుర్రమంటే మేలే గదమ్మా," అన్నాడు.

ఆ తరువాత జరిగిన వాటిని రెడ్డెమ్మ చాలాకాలం నమ్మలేకపోయింది.

ముందు నీళ్ళు వచ్చాయి. గుర్రానికి దప్పిక ఎక్కువనీ, దాహంతో ఉన్న గుర్రం తాపు తన్నితే రాతిగోడకు నష్టమనీ మండలి నిర్ణయించింది. ఒక లారీ వచ్చి బోరు వేసింది, ఇంకో లారీ తొట్టి దించింది, మర్నాటికి కొళాయిలు బిగించేశారు. తొమ్మిదేళ్ళు పిల్లలకోసం అడిగితే పరిశీలనలో ఉండిపోయిన నీళ్ళు, గుర్రాలనేసరికి బుస్సుమని వచ్చేశాయి. పిల్లలు కొళాయి కింద తలలు పెట్టి గంతులేస్తుంటే రెడ్డెమ్మ మెట్ల రాయి మీద కూలబడి ఏడ్చింది. సంతోషంతోనా, ఒళ్ళు మంటతోనా అంటే రెండూ.

మరుగుదొడ్డి దగ్గర కథ కాసేపు ఆగింది. అశ్వాలకు శౌచాలయం అవసరమని నియమావళిలో లేదు. పైగా లోపల కాలువ ఉండనే ఉంది, దాన్ని వాడుకోవచ్చు కదా అన్నారు చిదంబరేశ్వరరావుగారు. రెడ్డెమ్మ చూసిన చూపుకు ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. భూషణంగారు మళ్ళీ నియమావళి తిరగేసి, గుర్రాల ఎరువు నిలవచేయడానికి చిన్న గది కట్టవచ్చని కనిపెట్టారు. ఎరువు శుభ్రంగా ఉండాలి కాబట్టి అందులో పలకలు పరిచారు, కొళాయి పెట్టారు, లోపలినుంచి గడియ కూడా బిగించారు. మగ గుర్రాలకూ ఆడ గుర్రాలకూ వేరువేరుగా రెండు ఎరువు గదులు లేచాయి.

ఆ వెనకే పశువైద్యులు డాక్టర్ గౌస్ పీరుగారు వచ్చారు. ఉద్యోగంలో ఎన్నో చూసిన మనిషి. వరసగా నిలబడ్డ పదకొండు గుర్రాలనూ చూసి, రెడ్డెమ్మను చూసి, ఏమీ అడగకుండా మందుల పెట్టె తెరిచారు.

"నోరు తెరువమ్మా," అన్నారు నాలుగో తరగతి సుంకితో. చూసి తల పంకించారు. "పళ్ళు బాగున్నాయి. కళ్ళు పాలిపోయాయి. ఒంట్లో రక్తం లేదు. టీచరుగారూ, ఇవేం తింటున్నాయి?"

"వచ్చినది తింటాండారు డాక్టరు సారూ. బియ్యంలో రాళ్ళు ఏరుకునేసరికే బెల్లు కొడుతుంది."

"మనిషికైతే నేనేం చేయలేను," అన్నారాయన చేతులు కడుక్కుంటూ. "గుర్రానికైతే రాసేస్తాను." ఉలవలు, బెల్లం, వేరుశెనగ, క్యారెట్టు, నెలకోసారి నులిపురుగుల మందు అని రాసేశారు. గుర్రాల దాణా పుచ్చితే సరఫరాదారు మీద కేసు పడుతుందట. అందుకని వచ్చిన ఉలవలు ముత్యాల్లా ఉన్నాయి. ఓబుళమ్మ వాటిని గుప్పిట పట్టి చూసుకుని మురిసిపోయింది. మధ్యాహ్నం గుగ్గిళ్ళు, చిక్కటి ఉలవచారు. ఆ వాసనకు పేటలో పెద్దగుర్రాలు కూడా లాయం చుట్టూ తిరగసాగాయి.

మండలివారు ఇంకోటి కూడా పంపారు. హిమపాతం సంభవించినచో కప్పు మీది మంచు తొలగించుటకు పొడవాటి పార. దాంతో పిల్లలు మొక్కలకు పాదులు చేశారు.

ఇంతలో మండల విద్యాధికారి విరూపాక్షప్పగారు బడిని మూసేయడానికి తాళం పట్టుకుని వచ్చారు. గుమ్మం మీద 'దొరగారి అశ్వశాల, సజీవ కట్టడం' అన్న పలక చూసి తెల్లబోయారు.

"ఇక్కడ బడి ఉండాలి కదమ్మా?"

"లేదు సారూ."

"లేకపోతే ఎలా? నేను మూయాలి. లేని బడిని ఎలా మూసేది?" ఆయన నుదుట చెమటలు పట్టాయి. "ఈ నెల ఇన్ని బడులు మూసి తీరాలని పైనుంచి ఒత్తిడి. నాకు ఒకటి తగ్గిపోతుందే! పోనీ ఓ పూట మళ్ళీ బడి పెట్టండి, మూసేసి వెళ్ళిపోతాను."

"లాయంలో బడి పెడితే రాళ్ళ మండలి సార్లు ఒప్పుకోరు సారూ."

అప్పుడు లోపలినుంచి ఏడో ఎక్కం గట్టిగా వినపడింది. విరూపాక్షప్పగారు చెవి ఒగ్గారు. "ఆ శబ్దం ఏమిటి?"

"గుర్రాలు సారూ."

ఆయన చివరిదాకా విన్నారు. ఒక్క తప్పు దొర్లలేదు. "మా ఆదర్శ పాఠశాలలో ఇంత బాగా చెప్పరమ్మా," అని నిట్టూర్చి, తాళం జేబులో వేసుకుని, మూయడానికి ఇంకో బడి వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. ఆ పూట రెడ్డెమ్మ ఇంటికి వెళ్ళి కంటినిండా నిద్రపోయింది.

కష్టం ఎప్పుడూ ఘనవిజయం వెనకే వస్తుంది కాబట్టి, ఆగస్టు నెలలో మంత్రిగారు వచ్చే జెండా పండుగ కవాతులో గట్టుకిందపల్లె అశ్వదళం పాల్గొనవలెనని ఉత్తర్వు వచ్చింది. రెడ్డెమ్మకు భయం పట్టుకుంది. కాగితం మీద గుర్రమవడం వేరు, మైదానంలో మంత్రిగారి ముందు గుర్రమవడం వేరు. పిల్లలు మాత్రం ఎగిరి గంతేశారు. ఇస్త్రీ బట్టలు వేసుకుని, నెత్తిన కాగితపు కుచ్చులు పెట్టుకుని, టకటకా కాళ్ళు కొడుతూ మైదానంలోకి దిగారు.

"ఇప్పుడు మన ముందుకు విచ్చేయుచున్నది, శతాబ్దాల రాతి వారసత్వానికి సజీవ ప్రతీక, గట్టుకిందపల్లె అశ్వదళం!" అని మైకు గర్జించింది.

జనం ఒక్క క్షణం చూశారు. తరువాత ముందు వరసలోని అధికారులు చప్పట్లు కొట్టారు. వాళ్ళు కొట్టాక వెనక వరసలవాళ్ళకు కొట్టక తప్పలేదు. మంత్రిగారు కళ్ళజోడు తుడుచుకుని పక్కకు వంగారు. "ఏమయ్యా, రెండు కాళ్ళేనా?"

"ముందు కాళ్ళు ఎత్తి నడిచే శిక్షణ సార్," అన్నారు చిదంబరేశ్వరరావుగారు, చెమటతో.

"భేష్! మరి ఆ చొక్కాలు?"

"జీను సార్. నూతన తరహా జీను."

మంత్రిగారు ముచ్చటపడి వేదిక దిగారు. ముందున్న సుంకి తల నిమిరి, "ఏమ్మా, గడ్డి బాగా పెడుతున్నారా?" అన్నారు. ఓట్లు అడిగే మనిషికి ఎవరినైనా పలకరించే అలవాటు ఉంటుంది.

"ఉలవలు బాగుండాయి సారూ," అంది సుంకి. ఎవరు పలకరించినా సకిలించమన్న మాట దానికి గుర్తుంది గానీ, అడిగినప్పుడు జవాబు చెప్పకపోతే టీచరు కొడుతుందని అంతకంటే బాగా గుర్తుంది. "ఇంకో టీచరు కావల్ల. మా రెడ్డెమ్మ టీచరు ఒక్కతే అయిదు తరగతులకు అరిసి అరిసి గొంతు పోతాండాది."

చిదంబరేశ్వరరావుగారు కుర్చీ చెయ్యి పట్టుకున్నారు. రెడ్డెమ్మ అంత దూరంనుంచి చేతుల్లో ముఖం దాచుకుంది, అయిపోయింది, ఇక లాయమూ లేదు బడీ లేదు అనుకుంది.

మంత్రిగారు నెమ్మదిగా మైకు అందుకున్నారు. "సోదరులారా! ఈ మూగజీవం తనకోసం ఏమీ అడగలేదు. తనను సాకే తల్లికోసం అడిగింది! ఈ కృతజ్ఞత నేడు మనుషుల్లో ఏది? ఈ అశ్వశాలకు మరో శిక్షకురాలిని ఈ క్షణమే మంజూరు చేస్తున్నాను!"

మూగజీవం అప్పటికి బిస్కట్టు తింటోంది. ఈసారి చప్పట్లు వెనక వరసలనుంచే మొదలయ్యాయి.

శిక్షకురాలు వచ్చింది. రెడ్డెమ్మ గొంతు బాగుపడింది. కాని కవాతు సంగతి పేపర్లలో పడడంతో చుట్టుపక్కల ఊళ్ళకూ లాయం పేరు పాకింది. మంచినీళ్ళు, శుభ్రమైన ఎరువు గదులు, వైద్యుడు, రాళ్ళు లేని భోజనం, ఇద్దరు శిక్షకురాళ్ళు, తప్పుల్లేని ఎక్కాలు. ఇవన్నీ ఉన్న చోటు జిల్లా మొత్తంలో ఇదొక్కటే. టౌనులో పెద్ద పెద్ద ప్రైవేటు బడులకు పిల్లల్ని పంపే డాక్టర్లూ, కాంట్రాక్టర్లూ లాయం ముందు కార్లు ఆపసాగారు. "మావాడికి ఒక గుర్రం సీటు ఇప్పించండి మేడం, చిన్నప్పటినుంచీ వాడికి గుర్రపు లక్షణాలే," అని బతిమాలేవారు.

అరలు ఉన్నవే ఆరు. గోడ జరపడానికి వీల్లేదు, అది కాలం కదా. చోటు తక్కువ, పెద్దవాళ్ళ సిఫార్సులు ఎక్కువ అయ్యేసరికి మండలి సమావేశమై, చక్కటి భాషలో ఒక ఉత్తర్వు వేసింది. 'ఇంతటి ఉదాత్త శిలాకట్టడములో వంశ ప్రతిష్ఠ లేని నాటు గుర్రములుండుట కట్టడమునకు తలవంపు. కావున ఇకపై జాతి గుర్రములకు మాత్రమే ప్రవేశము. ప్రస్తుతమున్న నాటు గుర్రములను బయటకు తోలివేయవలెను.'

రెడ్డెమ్మ ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివింది. పిల్లల్ని గుర్రాలన్నప్పుడు ఓర్చుకుంది. కవాతులో నడిపించినప్పుడూ ఓర్చుకుంది. ఇప్పుడు మాత్రం ఓర్చుకోలేకపోయింది. ఆ గోడల రాళ్ళు కొట్టింది ఈ పిల్లల ముత్తాతలే. దొరా పోయాడు, దొర గుర్రాలూ పోయాయి, కొట్టినవాళ్ళ పిల్లలు ఇప్పుడిప్పుడే ఆ నీడన కూర్చుని నాలుగు అక్షరాలు నేర్చుకుంటున్నారు. వాళ్ళనే నాటువాళ్ళని తోలేస్తారట! "నన్ను తొక్కుకోని లోపలికి పోవల్ల ఎవురైనా," అని కింది తలుపు వేసి దానికి అడ్డంగా నిలబడింది.

మర్నాడు ఉదయం కార్లు బారు తీరాయి. ఆ బారులో మొదటిది చిదంబరేశ్వరరావుగారిదే. ఆయన మనవడు ఆదిత్య వర్ధన్ చేయి పట్టుకుని దిగారు. పక్కనే భూషణంగారు, జాతి నిర్ధారణకు డాక్టర్ గౌస్ పీరుగారు. వెనక బారులోని పెద్దమనుషులంతా చెవులు రిక్కించి నిలబడ్డారు. పేటనుంచి సుత్తులు చేతబట్టుకునే వచ్చిన తండ్రులు అవతల నిలబడ్డారు. తల్లులు లోపల తమ పిల్లల వైపే చూస్తున్నారు.

"మావాడిది ఉత్తమ జాతి. ఆ మేరకు రాసుకోండి," అన్నారు అధ్యక్షులవారు.

డాక్టరుగారు కలం తీశారు. "తప్పకుండా సార్. గుర్రం జాతి దాని పెద్దల్ని బట్టే తేలుతుంది. తండ్రి, తాత కూడా జాతి గుర్రాలేనని యజమాని అందరిముందూ నోటితో చెప్పాలి. పశువైద్యంలో అది పద్ధతి. తాతగారు మీరే కదా?"

"నేనే."

"మీరు గుర్రమేనా సార్?"

ఎవరో కిసుక్కుమన్నారు. చిదంబరేశ్వరరావుగారి ముఖం కందగడ్డ అయింది. "ఏమిటయ్యా ఆ ప్రశ్న? మా వంశం గురించి..."

"వంశం గురించే అడుగుతున్నాను సార్. మనవడు జాతి గుర్రమైతే తాత గుర్రం కాక తప్పదు."

ఆయన భూషణంగారి వైపు చూశారు. జీవితమంతా నిబంధనల్ని నమ్ముకున్న మనిషి ఇప్పుడు మాత్రం ఎందుకు వదులుతాడు? "అవునని చెప్పవచ్చు సార్," అన్నారు భూషణంగారు వినయంగా. "అయితే ఏడవ నిబంధన ప్రకారం మీరూ లాయంలోనే ఉండాలి. గుర్రం అధ్యక్ష కుర్చీలో కూర్చోవడం కుదరదు. పైగా గుర్రం సంతకం చెల్లదు. నాటు గుర్రాల్ని తోలేయమన్న ఉత్తర్వు మీ సంతకంతోనే ఉంది, అది కొట్టుకుపోతుంది."

"కాదంటే?"

"కాదంటే బాబుది నాటు. ఆ ఉత్తర్వు ఉన్నంతకాలం బాబుకు ప్రవేశం లేదు. మీరే ఉత్తర్వు రద్దు చేస్తే రావచ్చు."

ఎటు తిరిగినా ఉత్తర్వు చస్తుంది. చిదంబరేశ్వరరావుగారికి తల ప్రాణం తోకకు వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే కార్లు. పక్కకు చూస్తే సుత్తులు. మనవడేమో ఎప్పుడో చేయి విడిపించుకుని, కింది తలుపు మీదనుంచి లోపలికి దూకి, సుంకి పక్కన నిలబడి మెడ బయటపెట్టి సకిలిస్తున్నాడు. వాడు తన ఇంట్లో అంత సంతోషంగా ఎన్నడూ అరిచి ఉండడు.

"నాటుదే," అన్నారాయన గొంతులోనే.

"కొంచెం గట్టిగా సార్," అన్నారు డాక్టరుగారు. "వెనకవాళ్ళకు కూడా వినపడాలి."

"నాటుదే! వంశం... వంశం తెలియదు! ఉత్తర్వు రద్దు!"

వెంటనే రెండో కారులోంచి కంటి డాక్టరుగారు తల బయటపెట్టి, "మాదీ నాటుదేనండీ!" అన్నాడు. "మాది ఇంకా నాటు! మా ఏడు తరాల్లో ఎవరికీ ఏ వంశమూ లేదు!" అని ఆ వెనక కాంట్రాక్టరు అరిచాడు. ఆ బారు మొత్తం ఒకరిని మించి ఒకరు తాము ఎంత నాటువాళ్ళో చాటుకోవడం మొదలుపెట్టారు. నాగన్న సుత్తి కింద పడేసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

రెడ్డెమ్మకు కూడా నవ్వు తన్నుకొచ్చింది. తలుపుకు ఆనుకుని కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"సారూ," అంది చివరికి, ఆయాసం తీర్చుకుని. "ముందునుంచీ ఉండేవాళ్ళు వాళ్ళ చోట్లలోనే ఉంటారు. వాళ్ళను కదిలించేది లేదు. మిగిలిన చోటుకు ఎవురైనా సరే, కారైనా, కాలినడకనైనా వరసలో రాండి. వరసలో ముందెవురుంటే వాళ్ళకే." అని లోపలికి తిరిగి, "సుంకీ, కొంచెం జరగవే. కొత్తోడు వచ్చినాడు, వానికి ఏడో ఎక్కం రాదంట," అంది.